పామెనాన్ మామయ్య పడమటి మెడ

"నేనేం చెయ్యలేదు దాతుక్. కాస్త ఆలస్యంగా వంగాను, అంతే."

ఆ రోజు మా కాఫీ కొట్టులో మామయ్య సూతాన్ పామెనాన్ అన్న మొదటి మాట ఇది. ఇంత పొట్టి మాట ఆయన నోటి నుంచి రావడం అంతకుముందు ఊళ్లో ఎవరూ వినలేదు. తెర వెనక వంటింట్లో అరటిపండు ముక్కలు పిండిలో ముంచుతున్న మా అమ్మ "అల్‌హమ్దులిల్లా" అని పైకే అనేసింది. నేను పొయ్యిలోకి కొబ్బరి డొప్పలు తోస్తూ నవ్వాపుకున్నాను.

అమ్మ దేవుణ్ణి తలుచుకోవడానికి కారణం ఉంది. మర్నాడు మా వంశం పెద్దల సభ. మా అమ్మమ్మ అన్నగారు జపానువాళ్ల కాలంలో పోయాక, ఆయన బిరుదు ఇంకెవరికీ కట్టకుండా మడతపెట్టేశారు. బిరుదు మడతలో ఉన్న ఇంటికి పొలం తగాదాలో గొంతు ఉండదు, పెళ్లి మాటల్లో నిలబడి మాట్లాడే మనిషి ఉండడు. మా దగ్గర బిరుదు మేనమామ నుంచి మేనల్లుడికి వస్తుంది. మా ఇంటి ఆడవాళ్లకి మిగిలిన మగదిక్కు అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు పామెనాన్ మామయ్య. పెద్దలందరూ ఒక్క మాట మీదికి వస్తేనే మడత విప్పుతారు. అందరూ వచ్చారు, వంశంలో పెద్ద బిరుదున్న దాతుక్ బందారో తప్ప.

ఆయనకి మామయ్య మీద వేరే ఫిర్యాదు లేదు. మనిషి కష్టపడతాడు, ఐదు పూటలా నమాజు తప్పడు, అక్కచెల్లెళ్ల పిల్లల్ని తన బిడ్డల్లా చూస్తాడు. ఫిర్యాదంతా నోటి మీదే. "తలపాగా కట్టినవాడి మాట మీద ఊరు నిలబడాలి. వీడి మాట మీద కోడిపిల్ల కూడా నిలబడదు," అన్నాడట.

మా సుమత్రా కొండల్లో కాఫీ కొట్టు కోతలకి ఓతా అని ఒక పేరుంది. మగవాళ్లు అందరూ కోస్తారు, అది తప్పు కాదు. కానీ అందరూ గడ్డి కోస్తే మామయ్య కొండలు కోసేవాడు. అందుకే అమ్మ పొద్దున్నే ఆయన చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్కరోజు నా మాట విను తమ్ముడూ. దాతుక్ నిన్ను చూడ్డానికే కొట్టుకి వస్తాడు. అవును, కాదు. ఈ రెండు మాటలే. మూడోది వద్దు," అని బతిమాలింది. మామయ్య పళ్లు బిగించి "అవును" అన్నాడు. అమ్మ ఆ పట్టుదల చూసి నమ్మేసింది.

పొద్దువాలే వేళ అసర్ నమాజు ముగిశాక దాతుక్ బందారో వచ్చి, బల్ల చివర కూర్చుని, కాఫీ ఆకుల కషాయం కొబ్బరి చిప్పలో పోయించుకుని, మామయ్యని నెమ్మదిగా అడిగాడు. "పామెనాన్, జపానువాళ్లు సంతమైదానంలో మనందర్నీ నిలబెట్టి, టోక్యోలో ఉన్న వాళ్ల రాజు వైపు వంగమనేవాళ్లు కదా. అల్లాకి తప్ప వంగని నడుములు మనవి. అప్పుడు నువ్వేం చేశావు?"

దానికే మామయ్య, ఆలస్యంగా వంగానన్నాడు. మాట అక్కడ ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! ఆగనిచ్చాడా మా నాన్న?

మా వాళ్లలో పెళ్లయిన మగవాడు భార్య ఇంట్లో అతిథి లెక్క. ఆ ఇంటి సంగతుల్లో నాన్నకి మాట లేదు. బావమరిదిని ఆటపట్టించడం ఒక్కటే ఆయనకున్న హక్కు, దాన్ని ఒక్కరోజు కూడా వదులుకునేవాడు కాదు.

"ఆలస్యంగా అంటే ఎంత ఆలస్యంగా పామెనాన్?" అన్నాడు నాన్న.

"అందరూ వంగి, మళ్లీ లేచేదాకా."

"అందరూ లేచేశాక ఇంక నువ్వు వంగేదేముంది?"

మామయ్య ఒకసారి వంటింటి తెర వైపు చూశాడు.  "అక్క చెప్పిందని తగ్గించి చెప్పాను బావా. నిజానికి వంగలేదు."

అమ్మ చేతిలో గరిటె నూనె మీదే ఆగిపోయింది. ఇక మామయ్యని ఎవరాపగలరు?

"వంగకూడదని పంతం పట్టి కాదు దాతుక్, మెడ వినలేదు. నేను పుట్టగానే మా మేనమామ నా చెవిలో అజాన్ చెప్పాడు చూడండి, ఆయన గొంతు మీకు తెలుసుగా, ఒక లోయలో పిలిస్తే రెండో లోయలో జనం నమాజుకని కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకునేవాళ్లు, ఆ గొంతు చెవిలో పడేసరికి పసి మెడ కాస్తా పడమరకి తిరిగి అక్కడే పాతుకుపోయింది. ఓడవాళ్ల దగ్గర దిక్సూచి ఉంటుందే, డబ్బీని ఎటు తిప్పినా ముల్లు ఒక దిక్కే చూస్తుందే, అలా అన్నమాట. చిన్నప్పుడు తూర్పుకి వెళ్లాల్సి వస్తే నేను వెనక్కి నడుచుకుంటూ వెళ్లేవాణ్ణి."

"నేను నీకు తూర్పునే కూర్చున్నాను. మరి నన్నెలా చూస్తున్నావు?" అన్నాడు రామలాన్. సంతమైదానం పక్కన చేపల చెరువు ఆయనదే.

"నిన్ను చూడ్డానికి మెడెందుకు రామలాన్, కంటి కొస చాలదూ?"

కొట్టంతా నవ్వింది. దాతుక్ నవ్వలేదు. మామయ్య అది గమనించలేదు, లేచి నిలబడ్డాడు కూడా.

"సరే, హవల్దారు చూశాడు. పొట్టివాడు, కేక మాత్రం తాటిచెట్టంత. అన్ని వంగిన వీపుల మధ్యన నా తల ఒక్కటే, వరిచేలో బొమ్మ నిలబెట్టినట్టు. వచ్చి తుపాకీ మడమతో మెడ మీద ఒక్కటిచ్చాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మెడ విరిగింది," అన్నాడు నాన్న.

"తుపాకీ విరిగింది! రెండు ముక్కలు. వాడా ముక్కలు చెరో చేత్తో పట్టుకుని నన్ను చూసిన చూపుంది చూశావూ, చేతిలో తినుబండారం నేలపాలైన పసివాడి చూపు. నాకే జాలేసింది. 'బాధపడకు నాయనా, ఇంకొకణ్ణి పిలుచుకో' అన్నాను. పిలిచాడు. నలుగురొచ్చి నా తల మీద వేలాడారు, కదల్లేదు. పదిమందొచ్చారు. సగంమంది ముందు నుంచి లాగేవాళ్లు, సగంమంది వెనక నుంచి తోసేవాళ్లు. చివరికి లాగేవాళ్లు తోసేవాళ్ల మీద పడి వాళ్లలో వాళ్లకే తగువు. అప్పుడు ఎవడో తెలివైనవాడు సంతలోంచి ఒక దున్నపోతుని తోలుకొచ్చాడు. తాడు ఒక కొస దాని మెడకి, రెండో కొస నా మెడకి. కొరడా పెట్టి కొట్టారు. అది ఒక్క అడుగు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగి నా మొహం చూసింది. మన ఊరి దున్నపోతు కదా దాతుక్, దానికి మాత్రం సిగ్గుండదూ? మెల్లగా వచ్చి నా పక్కన నిలబడి, అదీ పడమరకే తిరిగింది."

"దున్నపోతు నమాజు కూడా చేసిందనకు," అన్నాడు రామలాన్.

"ఛ, అబద్ధం ఎందుకు చెప్తాను? వుజూ లేకుండా నమాజు ఎలా చేస్తుంది? ఊరికే వినయంగా నిలబడింది, అంతే."

తెర వెనక అమ్మ "యా అల్లా, వీడి నోటికి తాళం వెయ్యి" అని గొణిగింది. ముక్కలు మాడుతున్నాయి. నేను గరిటె అందుకున్నాను.

"ఈ సంగతి బుకిత్తింగ్గి కోటలో ఉన్న పెద్ద జనరల్ దాకా పోయింది. కురొయామా ఆయన పేరు. నడుంకి కత్తి, ఆ కత్తికి కుచ్చు, ఆ కుచ్చు పట్టుకోడానికి ఒక మనిషి. కారు దిగి నా చుట్టూ ఒకసారి తిరిగాడు. మాట్లాడలేదు. వేలు ఊపాడు. ట్యాంకు వచ్చింది. మామూలు ట్యాంకు కాదు, సింగపూరు గోడలు కూల్చిన ట్యాంకు. గొలుసు తెచ్చి నా మెడకి కట్టారు. నేను బిస్మిల్లా అనుకుని కాళ్లు భూమిలో గట్టిగా ఆనించాను. ట్యాంకు గర్జించింది. చక్రాలు తిరుగుతున్నాయి, తిరుగుతున్నాయి, ట్యాంకు మాత్రం ఉన్నచోటే దిగబడిపోతోంది. మట్టి కొండలా లేచింది. ముందు చక్రాలు మునిగాయి, తర్వాత గొట్టం మునిగింది, ఆఖరికి లోపలున్న సిపాయి టోపీ ఒక్కటే కనిపించింది. సంతమైదానం పక్కన ఆ చెరువు ఎలా వచ్చిందనుకున్నారు మరి?"

"ఏయ్, అది మా తాత తవ్వించిన చెరువు!" రామలాన్ బల్ల గుద్దాడు.

"మీ తాత నీళ్లు పోయించాడు రామలాన్. కాదనను, పుణ్యాత్ముడు. గుంట మాత్రం నాది."

ఈసారి నవ్వు సద్దుమణగడానికి చాలాసేపు పట్టింది. దాతుక్ చిప్పలో కషాయాన్ని చూసుకుంటూ, "ఊఁ, తర్వాత?" అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు, కోపమూ లేదు. బంగారం గీటు పెట్టి చూసే కంసాలి గొంతు.  మామయ్యకి మాత్రం ఊపొచ్చింది.

"తర్వాత జనరల్ నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. 'సూతాన్, అసలు నీకేం కావాలి?' అన్నాడు. నేనన్నాను, 'జనరల్‌గారూ, భూమి గుండ్రంగా ఉందని మీ బళ్లో చెప్పారా లేదా?' 'చెప్పారు' అన్నాడు. 'అయితే ఇంత గొడవెందుకు? నేను మక్కా వైపే వంగుతాను. అల్లాకి చేరాల్సింది అక్కడ చేరుతుంది. మీ మర్యాద కోసం ఏదైనా కాస్త మిగిలితే, అది ఆగకుండా ఎడారి దాటి, సముద్రం దాటి, అమెరికా దాటి, ఇంకో సముద్రం కూడా దాటి మీ రాజుగారికి వెనక గుమ్మం లోంచి చేరుతుంది. మా దగ్గర ముందు గుమ్మంలోంచి వచ్చేవాడు అతిథి, వెనక గుమ్మంలోంచి వచ్చేవాడు సొంతమనిషి. ఏది గౌరవమో మీరే చెప్పండి' అన్నాను. జనరల్ కత్తి దించి కింద పెట్టాడు. 'ఇంతకాలం ఇది మాకెవరూ చెప్పలేదే' అన్నాడు."

"వెనక గుమ్మం మాట నేను ఒప్పుకోను. నన్నిప్పటికీ ముందు గుమ్మంలోంచే రమ్మంటారు మీ ఇంట్లో," అన్నాడు నాన్న.

"నువ్వు ఎప్పటికీ అతిథివే బావా, అడ్డం రాకు. జనరల్ టోక్యోకి తంతి కొట్టాడు. అక్కడ యుద్ధశాఖలో పెద్దవాళ్లంతా భూగోళం ముందు కూర్చుని దారం పెట్టి కొలిచారు. కొలిచేసరికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఎందుకో తెలుసా? నా వంగుడు దారిలో అమెరికా మీదుగా పోవాలి! శత్రువు దాన్ని మధ్యలోనే పట్టేసుకుంటే? సుమత్రావాడు మాకు దణ్ణం పెట్టాడని పేపర్లో వేసుకుంటే? వెంటనే పది జలాంతర్గాములు బయల్దేరాయి, నా వంగుడికి కాపలాగా. అవతలివాళ్లు ఊరుకుంటారా? వాళ్ల వేగులవాళ్లు పసిగట్టేశారు. వాళ్ల దేశాల పెద్దలంతా ఒక ఓడ మీద కలుసుకున్నారు. సుమత్రా నుంచి ఒక వంగుడు వస్తోందట, అది మనలో ఎవరికి చెందుతుందని గొడవ. నా దేశం ముందొస్తుందని ఒకాయన, నా వలసలు దారి పొడుగునా ఉన్నాయని ఇంకొకాయన. బర్మా అడవుల్లో రెండు పక్కలా సిపాయిలు తుపాకులు కింద పెట్టేసి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని ఆకాశం చూస్తున్నారు, ఇటు నుంచేనా పోతుంది అని. పాపం వాళ్లకీ అదొక విశ్రాంతి. ఎవరి తల్లి కన్న పిల్లలో!"

"ఇంతకీ నువ్వు వంగావా?" అన్నాడు రామలాన్. ఆయనా ముందుకి జరిగి కూర్చున్నాడు.

"వంగనిస్తేనా? జనరల్ పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'సూతాన్, నీకు పుణ్యం ఉంటుంది, ఇటూ వంగకు, అటూ వంగకు, ఊరికే నిలబడు. ప్రపంచ యుద్ధం మొత్తం ఇప్పుడు నీ మెడ మీద ఉంది' అన్నాడు. అని, వెనక్కి రెండడుగులేసి, కుచ్చు పట్టుకున్న మనిషితో సహా, కోటలో ఉన్న సైన్యంతో సహా, నడుం దాకా వంగాడు. ఎవరికి? నాకు!"

 మనిషికి మనిషి వంగడమా? మామయ్యకీ తెలిసింది, గీత దాటానని. గబగబా, "నాకంటే నాకు కాదు, నా వెనకున్న పడమరకి," అని సర్దుకున్నాడు.

దాతుక్ బందారో చిప్ప కింద పెట్టలేదు. చేత్తో పట్టుకునే అడిగాడు. "అయితే పామెనాన్, నీ నడుం టోక్యో దిక్కుకి ఎప్పుడూ వంగలేదు."

"వేలెడు కూడా వంగలేదు దాతుక్."

"రేపు సభలో ఈ మాట అడిగితే?"

"రేపెందుకు? ఇప్పుడే చెప్తాను." మామయ్య మొహంలో ఆట పోయి మొండితనం వచ్చింది. మొహం ఎర్రబడింది, కుడి చెయ్యి గుండెల మీదికి పోతోంది. "అల్లా మీద..."

అమ్మ తెర పట్టుకుంది. ఓతాని ఊరు క్షమిస్తుంది. దొంగ ఒట్టుని క్షమించదు. ఆ ఒట్టు నోట్లోంచి బయటపడితే మా ఇంటి బిరుదుకి ఇక మడత విప్పడం అనేది ఉండదు. దేవుడి దగ్గర మామయ్య పరిస్థితి ఏమిటన్నది ఇంకా పెద్ద భయం. ఆడవాళ్లం మేం మగవాళ్ల మధ్యకి వెళ్లి మాట్లాడకూడదు. అమ్మ నాన్న వైపు చూసింది. ఒక్క చూపే చూసింది. ఆ ఇంట్లో అన్నేళ్లుగా అతిథిగా ఉన్న మనిషిని ఆవిడ ఏదీ అడిగి ఎరగదు.

నాన్న లేచాడు. జపానువాళ్లు ఊళ్లో కుర్రాళ్లని పోగుచేసి ఒక పటాలం కట్టినప్పుడు వాళ్ల చేత కవాతు చేయించింది నాన్నే. ఆ గొంతు మేం ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాం.

"సాయ్‌కేరేయ్!"

సంతమైదానంలో వంగమని వేసే జపాను కేక అది. కొట్టు పైకప్పు అదిరింది. మామయ్య నోట్లో ఒట్టు నోట్లోనే ఉండిపోయింది. మెడకంటే ముందు, మాటకంటే ముందు, మడమలు రెండూ దగ్గరికొచ్చాయి. చేతులు తొడల మీదికి జారాయి. ఆ మనిషి సరిగ్గా ఈశాన్యానికి తిరిగి, నడుం దగ్గర రెండుగా మడిచినట్టు వంగిపోయాడు.

నవ్వుదామని చూస్తే నవ్వేవాళ్లెవరూ లేరు. రామలాన్ వంగి ఉన్నాడు. మూల కూర్చున్న, మా ఊరి చెప్పులు కుట్టే ముసలాయన కర్ర పక్కన పడేసి మరీ వంగి ఉన్నాడు. దాతుక్ బందారో, మా వంశంలో అందరికంటే పెద్ద తలపాగా ఉన్న మనిషి, చేతిలో చిప్పతో సహా వంగి ఉన్నాడు. కషాయం ఆయన కొత్త లుంగీ మీదుగా ధారగా కారుతోంది.

మా వంటిల్లు కొట్టుకి ఈశాన్యాన ఉంది. అమ్మ చేతిలో తెర పక్కకి జరిగి ఉంది. నాకప్పటికి పెళ్లై ఒక బిడ్డ, ఆ బిడ్డ నా చంకలో ఉంది. పొయ్యి ముందు, పిండి చేతులతో నిలబడ్డ మా ఇద్దరి ఎదుటా ఊరి మగవాళ్లందరూ వరసగా నడుం దాకా వంగి ఉన్నారు. లేవమనే కేక ఒకటి వేరే ఉండేదట. నాన్న అది వెయ్యడం మర్చిపోయాడు. అది వినపడేదాకా వాళ్ల ఒళ్లు లేవనంటోంది.

అమ్మ గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. "చాల్లెండి," అంది మెల్లగా. "యుద్ధం అయిపోయింది. లేవండి."

లేచారు. ఎవరి మొహం ఎవరూ చూడలేదు. చెప్పులాయన కర్ర వెతుక్కున్నాడు. మామయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. 

దాతుక్ లుంగీ పిండుకున్నాడు. తర్వాత, "పామెనాన్, అప్పట్లో వంగినప్పుడు లోపల ఏమనుకునేవాడివి?" అని అడిగాడు.

మామయ్య తలెత్తకుండానే, క్షమించమని అల్లాని వేడుకునే మాట అన్నాడు. "అస్తగ్‌ఫిరుల్లా."

"అంతేనా?"

"అంతే. లేచేదాకా అదే."

దాతుక్ తల ఊపాడు. "నేనూ అదే అనుకునేవాణ్ణి," అన్నాడు.  నాన్న వెళ్లి మామయ్య పక్కన గోడకి ఆనుకున్నాడు.

"రేపు సభలో నీకు నా మాట ఉంటుంది," అన్నాడు దాతుక్. "నిన్ను ఏదైనా అడిగితే ఇప్పుడు చెప్పావే, అంత పొడుగు జవాబే చెప్పు. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువైనా నేను లేచి వెళ్లిపోతాను."

మామయ్య నోరు తెరిచాడు.  నాన్న మోచేయి సిద్ధం చేసుకున్నాడు. ఆ నోటి వెనక ఇంకో జనరలో, ఇంకో ట్యాంకో వచ్చి నిలబడ్డట్టు మాకందరికీ కనిపిస్తూనే ఉంది.

మూసేశాడు.

అది చూశాకే దాతుక్ బందారో చెప్పులు తొడుక్కున్నాడు.